నీలం మంచం, ఇటుకరంగు బీరువా

మేము పడుకునే మంచానికి మమ్మల్ని అడక్కుండా రంగు పూశారు. పూసింది మా ఊరి కింది ఇంటివాళ్ళు. పట్టపగలు, నడివీధిలో, నిండు నెలలతో ఉన్న నా భార్య గడపలో నిలబడి వద్దని చెబుతున్నా వినకుండా పూశారు. అది తప్పు. ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే. కాలం మారింది గదా, మనుషులు మారారు గదా, ఇంకా ఎందుకు దాన్నే పట్టుకుని వేలాడతావని నాకు సర్దిచెప్పబోయిన పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. వాళ్ళెవరి మంచానికీ ఎవరూ వచ్చి రంగు పూయలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుకున్నానంటే, ఇడుపులపాయలో చదువుకుంటున్న మా మనవరాలు సెలవలకు ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చి, పోయిన ఏడాది వాళ్ళవ్వ కన్నుమూసిన నాటినుంచి తలుపు దగ్గరగా వేసి ఉన్న గదిని తెరిచి, ఊడ్చి, కడిగి, అందులోని మంచాన్నీ బీరువానూ చూసి ముక్కు మీద వేలేసుకుంది. మంచమేమో ఎండకు నిలబెట్టిన పాత ట్రాక్టరులా వెలిసిపోయిన నీలం, బీరువా ఏమో బట్టీలోంచి లాక్కొచ్చినట్టు ఇటుకరంగు. రెండింటికీ ఎక్కడా పొత్తు లేదు. పాత సామానుకు రంగులేసి కొత్తదానిలా చేయడం ఎట్లాగో ఫోన్లో చూసి నేర్చుకుందట. చెక్క గట్టిది గనుక పారేయక్కర్లేదనీ, ఆ గదిని తనకు వదిలేస్తే సెలవలైపోయేలోగా రూపమే మార్చేస్తాననీ చెప్పి, కుంచెలూ, గీకడానికి ఉప్పుకాగితమూ, నేలమీద పరచడానికి పాత పత్రికలూ అన్నీ సిద్ధం చేసుకుని, చివరికి నా కుర్చీ దగ్గరికి వచ్చి, "తాతా, ఏ రంగేద్దాం?" అని అడిగింది.

రెండు రోజులు ఆగమ్మా అన్నాను. రంగుల పేర్లు తెలియక కాదు, నా వయసంతా గడిచింది రంగుల అంగట్లోనే. ఆ మంచం ఏ రంగులో ఉండాలని ఇంకొక మనిషి వచ్చి మా ఇంట్లో అడగడం అదే మొదటిసారి. పైగా ఆ నీలాన్ని గీకే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు కూడా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి నడవాలి. నా ఈడువాళ్ళు నాతో కూడా రండి, మీకు దారి తెలిసిందే.

నేను బడికి పోయింది తక్కువ. మా నాయన కూలిమనిషి. క్రైస్తవ మిషను బడిలో గుణింతాలు పూర్తి కాకముందే నన్ను పనికి పెట్టాడు. తర్వాతి చదువంతా ప్రొద్దుటూరు అంగట్లోనే. మేకులు పొట్లాలు కట్టే పాత పత్రికలు చదివి తెలుగు, డబ్బాల మీది చీటీలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ కాలపు రంగుల అంగళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి. లోపలికి అడుగు పెట్టగానే టర్పెంటైను వాసన, అవిసెనూనె వాసన. గోనెసంచుల్లో గుట్టలుగా రంగుపొడులు. ఇదే రంగు కావాలని చీర కొంగు చింపుకొచ్చి చూపే ఆడవాళ్ళు. ఎద్దుల కొమ్ములకు పూయడానికి చిన్న డబ్బా అడిగే చాపాడు రైతులు. ఎన్నికలు వస్తున్నాయనే వార్త పత్రికల కంటే ముందు మా అంగడికే తెలిసేది. గోడల మీద రాతలకు ఏ రంగు ఎక్కువ పోతున్నదో చూసి మా యజమాని ఎవరు గెలుస్తారో చెప్పేవాడు. తరచూ తప్పు చెప్పేవాడు, అది వేరే సంగతి.

మా ఊరు జమ్మలమడుగుకు దగ్గర. పేరు రాయను, రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఊళ్ళో రెండు పార్టీలు. పార్టీ అంటే ఇప్పటి పిల్లలు జెండా, గుర్తు ఉన్నది అనుకుంటారు గానీ, మా దిక్కున పార్టీ అంటే ఒక ఇల్లు, ఆ ఇంటి వెనక నిలబడే మనుషులు. పై వీధిలో పై ఇంటివాళ్ళది ఒకటి, కింది వీధిలో కింది ఇంటివాళ్ళది ఒకటి. ఇద్దరూ భూములున్న రైతులే, మూలాన ఒకే తాతకు కొడుకు సంతతి ఒకరు, కూతురి సంతతి ఒకరు. హైదరాబాదులో వాళ్ళ పైవాళ్ళు జెండాలు మార్చినప్పుడల్లా వీళ్ళూ మార్చేవాళ్ళు. ఈ మార్పులతో ఊరిజనానికి తల తిరిగి, చివరికి జెండాల జోలికి పోకుండా తమకు తెలిసిన గుర్తులనే పట్టుకున్నారు. పై ఇంటాయనకు ఇటుకరంగు జీపు ఉండేది. కింది ఇంటి పెద్దాయనకు నీలం ట్రాక్టరు ఉండేది. జీపుకు కొత్తగా రంగు కొట్టించినప్పుడు మిగిలినదాన్ని పై ఇంటాయన తన మనుషుల తలుపులకు పూయించాడు. అది చూసి కింది ఇంటి పెద్దాయన తన వీధి తలుపులన్నింటికీ ట్రాక్టరు నీలం పూయించాడు. తలుపులతో ఆగలేదు. బండిచక్రాలు, పశువులను కట్టే గాటిపాడి గుంజలు, ఆఖరికి ఎద్దుల కొమ్ములు కూడా. పొరుగూరి నుంచి వచ్చినవాడు ఒక ఎద్దును చూసి అది ఏ పార్టీదో చెప్పగలిగేవాడు.

ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఆ రెండు రంగుల నడుమ మనుషులు పోయారు. ఎవరెవరు పోయారో ఇక్కడ రాయబోవడం లేదు, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. అంతమంది పోయిన ఊళ్ళో ఒక మంచం గురించి మాట్లాడుతున్నానేమని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. కానీ పోయినవాళ్ళ గురించి అడగడానికి పోలీసులు, కోర్టులు, పత్రికలు అన్నీ ఉన్నాయి. మా మంచం గురించి అడగడానికి నేను తప్ప ఎవరున్నారు?

మా ఇల్లు కింది వీధి చివర, చర్చి పక్కన. నా తలుపుకు నేను తారు పూసుకున్నాను, చెదలు పట్టకుండా అని పైకి చెప్పేవాణ్ణి. రంగులంగట్లో పనిచేస్తూ తారు పూసుకున్న్యావేందప్పా అని అందరూ నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, నల్ల తలుపును చూసి ఏ ఇంటివాళ్ళూ మావాడివని గానీ, పరాయివాడివని గానీ అనలేదు. రోజూ పొద్దున బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, సాయంత్రం దిగి ఇంటికి రావడం, ఆదివారం ఆరాధనకు పోవడం. మాకు కావలసింది అంతే.

ఇక మంచం సంగతి. మా అత్తగారు జమ్మలమడుగులో మిషను ఆసుపత్రిలో ఆయా. అక్కడి దొరలు దేశం విడిచి పోయేటప్పుడు బంగళా సామాను వేలం వేస్తే, ఎవరూ పాడని ఒక కొయ్యమంచాన్ని, ఒక అద్దం లేని బీరువాను ఆమె పాడుకుని, కూతురి పెండ్లికి ఇచ్చింది. మంచానికి నాలుగు మూలలా గుండ్రటి బొడిపెలు, మర తిప్పితే ఊడి చేతికొచ్చేవి. చెక్క ఇనుమంత గట్టిది, పైరూపం మాత్రం గీతలు, మరకలు, పొలుసులు లేచిన పాత వార్నీషు. నా భార్య ఆ ఆసుపత్రి ఆవరణలోనే పెరిగింది. అక్కడి వార్డు కిటికీలకు ఒక లేతపచ్చ రంగు ఉండేదట. పెసలు రాత్రి నానబెడితే తెల్లారేసరికి పొట్టుకు వస్తుందే, ఆ పచ్చ. జ్వరంతో పడుకున్నవాళ్ళకు ఆ కిటికీలు చూస్తే కండ్లు చల్లబడేవని ఆమె చెప్పేది. మొదటి కాన్పు దగ్గర పడుతున్నప్పుడు, పుట్టే బిడ్డ కండ్లు తెరిచి ఈ పొలుసుల మంచాన్ని చూడకూడదనీ, మంచానికీ బీరువాకూ ఆ పెసల రంగు పూయాలనీ పట్టుబట్టింది. ఆమె నన్ను అడిగిన కోరికలు ఎక్కువ లేవు. తెలుపులో పచ్చ, పచ్చలో రవంత పసుపు కలిపి, అట్టముక్కల మీద పూసి తెచ్చి చూపించడం, ఆమె తల అడ్డంగా ఊపడం, మళ్ళీ కలపడం, ఇట్లా చాలా రోజులు సాగింది. ఒక సాయంత్రం నేను తెచ్చిన అట్టముక్కను దీపం దగ్గర పెట్టి చూసి, "ఇదే" అంది. ఆ సాయంత్రం మా ఇద్దరి సంతోషం ఎంతటిదో ఇప్పుడు రాస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం పాత వార్నీషు గీకి, సోడా నీళ్ళతో కడిగి, ఆరిన తర్వాత ప్రైమరు పూశాము. రంగుకు ముందు కొయ్యకు పూసే పూతను మా అంగళ్ళలో ప్రైమరు అంటాము. అది రంగు కాదు. పైన పూయబోయే రంగును కొయ్య తాగేయకుండా అడ్డుపడేది, అంతే. అది ఆరడానికి ఒక రోజు పడుతుంది, ఆ తర్వాతే అసలు రంగు. ఆ రోజుల్లో మాకు దొరికిన ప్రైమరు ఇటుకరంగుది. ఇల్లు ఇరుకు, నిండు మనిషికి ఆ వాసన పడదు, అందుకని మంచాన్నీ బీరువానూ చూరు కింద వీధిలోకి ఆరబెట్టి, సోమవారం పొద్దున నేను బస్సెక్కి అంగడికి పోయాను. పెసల రంగు డబ్బా మూత తీయకుండా ఇంట్లోనే ఉంది.

పడకగది సామాను వీధి మొహం చూడటం అదే మొదటిసారి. పంచాయతీ ఎన్నికలు ముంగిట్లో ఉన్న వారం. కింది వీధిలో, నీలం తలుపుల వరస చివర, జీపు రంగు మంచం, జీపు రంగు బీరువా! చూసినవాళ్ళు చూసినట్టు పోయి చెప్పారు. ఇన్నాళ్ళు తారు పూసుకొని కూచున్న్యాడు, ఇప్పుడు లోపలుండే రంగు బయటికొచ్చె, అని ఒకడు అన్నాడట. ఎండ నడినెత్తికి రాకముందే కింది ఇంటి ట్రాక్టరు వచ్చి మా గడప ముందు ఆగింది. ఆ తర్వాత జరిగింది నా భార్య చెప్పగా విన్నాను. ఒకసారి కాదు, బతికినన్నాళ్ళు చెప్పింది, ఒక మాట మార్చకుండా.

దిగినవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. నాకు ఇప్పటికీ మండేది ఆ మర్యాదకే.

"అమ్మీ, నువ్వు లోపలికి పో. ఈ వాసన నీకు పడదు."

"అన్నా, అది జీపు రంగు కాదన్నా. కింద పూసే పూత. దీని మింద పూసే రంగు వేరే ఉండాది, డబ్బా లోపలుండాది, తెచ్చి చూపిస్తా ఉండండి."

"మింద పూసేది మేం తెచ్చినాం లేమ్మా."

"మేం పండుకునే మంచమన్నా అది!"

"పండుకో, ఎవురొద్దన్న్యారు? ఈ వీధిలో పండుకున్నన్నాళ్ళు ఈ వీధి రంగు మింద పండుకో."

మంచాన్ని నడివీధికి లాగి, బొడిపెలతో సహా ట్రాక్టరు నీలం పూశారు. బీరువా వైపు తిరిగేసరికి నా భార్య పోయి దానికి వీపు ఆనించి నిలబడింది. ప్రైమరు ఇంకా తడి ఆరలేదు. నిండు గర్భిణిని పక్కకు లాగడానికి వాళ్ళకు చేతులు రాలేదు. కాసేపు చూసి, నవ్వి, ట్రాక్టరెక్కి పోయారు. ఆమె చీర వెనకంతా ఇటుకరంగు అంటుకుంది. ఎంత ఉతికినా అది పోలేదు, ఆ చీరను ఆమె పారేయనూ లేదు.

సాయంత్రం నేను బస్సు దిగేసరికి జీపు మా ఇంటి ముందుంది. పై ఇంటాయన తమ్ముడు, వెనక మనుషులు. వాళ్ళ రంగును చెరిపారని వాళ్ళకు కోపం. నేను ఊ అంటే చాలు, నా పేరు చెప్పుకుని ఆ పూటే కింది ఇంటి మీదికి పోయేట్టున్నారు.

"అది మీ రంగు కాదన్నా. ప్రైమరు" అన్నాను.

"ప్రైమరా? ఆ పార్టీ యాడిదప్పా, మేమెన్నడూ వినల్యా!" అన్నాడు ఆయన. మనుషులు పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక, "అదంతా గాదు, నువ్వు ఎవురి మనిషివో చెప్పు" అన్నాడు.

"రంగులంగడి మనిషిని" అన్నాను. జీపు వెళ్ళిపోయింది గానీ, ఆ జవాబుతో నాకు పై వీధిలోనూ చోటు పోయింది.

తెల్లారి కింది ఇంటికి పోయాను. పెద్దాయన వసారాలో కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు. మా మంచానికి మమ్మల్ని అడగకుండా రంగు పూయించారు పెద్దాయనా, అది మీకు న్యాయమేనా అని నిలబడి అడిగాను. కత్తి మెడ మీద ఉంది గనుక తల తిప్పకుండానే, "ఎన్నికలు అయిపోనీలేప్పా" అన్నాడు. అంతే. ఎన్నికలకూ మా మంచానికీ ఏం సంబంధమో నాకు ఆనాడూ అర్థం కాలేదు.

ఊరు విడిచి పొమ్మని మమ్మల్ని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. కింది వీధిలో మేము జీపువాళ్ళం, పై వీధిలో ఎవరివాళ్ళమూ కాదు. కాన్పు దగ్గర పడిన మనిషి, నేను పగలంతా పొరుగూళ్ళో. ఆ వారంలోనే చర్చి పెద్ద ఒకాయన బండి కట్టించి ఇస్తే సామాను ఎక్కించాము. దారిలో ఏ ఊరిది ఏ రంగో తెలియదు గనుక మంచానికీ బీరువాకూ దుప్పట్లు కప్పి, తాళ్ళతో కట్టి, శవాలను తీసుకుపోయినట్టు తీసుకుపోయాము. మా నాయన కట్టిన ఇల్లు, నేను తారు పూసిన తలుపు అక్కడే ఉండిపోయాయి. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారని అడగకండి.

ప్రొద్దుటూరులో అద్దె గదిలో దిగిన మరుసటి ఆదివారం నేను ఉప్పుకాగితం, పెసల రంగు డబ్బా తీసుకుని కూర్చుంటే, నా భార్య వచ్చి చేతిలోది లాక్కుంది. "నువ్వు గీకితే వాల్లు పూసింది లేకుండా పోతాది. ఏమీ జరగనట్టే అయిపోతాది. పూసినోల్లే వచ్చి గీకల్ల" అంది. నేను ఎంతో చెప్పి చూశాను. పుట్టే బిడ్డ కోసమన్నావు గదా అన్నాను. బిడ్డకు రంగు కంటే ఇది తెలియడమే ముఖ్యమంది. బిడ్డ పుట్టింది, ఆ నీలం మంచం మీదే పడుకుంది, పెరిగింది, పెండ్లి చేసుకుని పోయింది. ఊరందరికీ రంగులు అమ్మే నా ఇంట్లో మంచం ట్రాక్టరు నీలంతోనూ, బీరువా ప్రైమరుతోనూ ఉండిపోయాయి. ఇంటికొచ్చిన మా అంగటి స్నేహితులు ఎగతాళి చేస్తే ఆమె తనే నవ్వుతూ, "మా గదిలో రెండు పార్టీలు ఎదురెదురుగా ఉండాయి, నడుమ మేం పండుకుంటాండాం" అనేది. నవ్వేది గానీ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. పెసల రంగు డబ్బా లోపలే గడ్డకట్టి రాయి అయిపోయింది. దాన్ని గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. మూత అంచున కారిన చార ఒక్కటి మిగిలింది.

నేను ఊరికే కూర్చోలేదు. పత్రికలకు రాశాను, వేయలేదు. కొన్నేళ్ళ తర్వాత మరో ఎన్నికలకు పెద్దాయనే మనుషులతో మా అంగడికి గోడరాతల రంగు కోసం వచ్చాడు. అడ్డబల్ల ఇవతల నిలబడి ఆయన డబ్బాలకు తాడు కడుతూనే, పెద్దాయనా, ఎన్నికలు అయిపోయాయి, మా మంచం సంగతేమిటి అన్నాను. పక్కనున్న వాడొకడు, "ఏమప్పా, ఆడ తలకాయలు పోతాంటే నీకు మంచం గావాల్నా?" అని మీదికి వచ్చాడు. పెద్దాయన వాణ్ణి చేత్తో ఆపి, నా వైపు చూసి, డబ్బాలు పట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆయన పెద్దకొడుకు పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అడిగాను, అడిగినందుకు ఇప్పటికీ చింతించను. ఆయన కొడుకును నేను తీసుకుపోలేదు, మా ఇంటిని ఆయన తీసుకుపోయాడు.

తర్వాత కాలం ఎట్లా మారిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. జీపు పాత ఇనుముకు పోయింది, ట్రాక్టరు ఎవరో కొనుక్కుపోయారు. పై ఇల్లూ కింది ఇల్లూ ఒకే జెండా కిందికి వచ్చి, అది చాలదన్నట్టు వియ్యం అందుకున్నాయి. పెండ్లికి పోయినవాళ్ళు చెప్పారు, రెండు ఇళ్ళ కార్లూ తెల్లవే, పక్కపక్కన నిలబెడితే ఏది ఎవరిదో డ్రైవర్లకే తెలియలేదట. మా ఊళ్ళో తలుపులిప్పుడు అందరివీ నున్నగా ఒకే మాదిరి గోధుమరంగు. ఈ శాంతి వద్దని నేననను, దీనికోసం ప్రార్థన చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాకపోతే రాజీ పడినవాళ్ళు ఒకరితో ఒకరు రాజీ పడ్డారు. నడుమ నలిగినవాళ్ళ దగ్గరికి ఎవరూ రాలేదు. మనకు రావాల్సిన మాట ఒకటి బాకీ ఉండిపోయిందని నా ఈడువాళ్ళు ఎందరికి అనిపిస్తుందో నాకు తెలియదు. నా భార్య మాత్రం ఆ మాట కోసం చూసి చూసి పోయింది. ఆఖరి రోజుల్లో లేవలేని స్థితిలో కూడా, పక్క మార్చేటప్పుడు ఆ నీలం పట్టెను చేత్తో పట్టుకుని, "ఇంకా రాల్యా గదా వాల్లు" అనేది.

అందుకే మనవరాలు ఏ రంగని అడిగితే నాకు చిక్కొచ్చి పడింది. నా భార్య మాట తీసేసి మంచం గీకనివ్వనా? మాట నిలబెట్టి పిల్లను వద్దననా? రెండు రోజులు ఆలోచించి, తల దగ్గరి బొడిపె ఒకటి మర తిప్పి ఊడదీసి, ఒక ఉప్పుకాగితం మడిచి, రెండూ సంచిలో వేసుకుని పులివెందుల బస్సెక్కాను. పెద్దాయన అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్నాడని విన్నాను. బస్సులో తుమ్మలపల్లె గనిలో పనిచేసే కుర్రాడొకడు నాకు సీటిచ్చి, ఏం పని మీద పోతున్నారని అడిగాడు. ఒక మంచానికి రంగు విషయం మాట్లాడటానికి అన్నాను. పెయింటరా తాతా అన్నాడు. అవునన్నాను.

పెద్దాయన వసారాలోనే ఉన్నాడు, ప్లాస్టిక్ కుర్చీలో. ఒకప్పుడు ఆ మనిషి వీధిలో నడిస్తే పక్కకు తప్పుకునేవాళ్ళం; ఇప్పుడు పంచె కింద మోకాళ్ళు రెండు కట్టెల్లా ఉన్నాయి. నేనెవరో చెప్పుకున్నాను. గుర్తు పట్టాడో లేదో తెలియలేదు. బొడిపె తీసి చేతిలో పెట్టాను.

"ఏందప్పా ఇది?"

"మా మంచం బొడిపె, పెద్దాయనా. మీవాల్లు పూసిన నీలం. పూసినోల్లే గీకల్లని మా ఆడమనిషి పట్టుబట్టింది, ఆ మాట మిందనే పోయింది. మంచాన్ని ఈడికి మోసుకురాలేను గనక ఇది తెచ్చినా. ఉప్పుకాగితం గూడా తెచ్చినా."

లోపలినుంచి ఆయన కూతురు వచ్చి, "ఏమప్పా, బువ్వ తినేదానికే మా నాయనకు చేతులు వణుకుతాండాయి, ఆయనతో గీకిస్తావా?" అంది. ఆమెను తప్పు పట్టను, నా కూతురైనా అదే అడుగుతుంది. పెద్దాయన మాత్రం చెయ్యెత్తి ఆమెను ఆపాడు, ఆనాడు అంగట్లో తన మనిషిని ఆపినట్టే. నా చేతిలోని కాగితం తీసుకున్నాడు. బొడిపెను ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో అదిమి పట్టి, మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. చెయ్యి జారేది, మళ్ళీ పట్టుకునేవాడు. నీలం పొడి తెల్ల పంచె మీద రాలింది. కాసేపటికి కిందినుంచి ఇటుకరంగు తేలింది. ఆగి, కండ్ల దగ్గర పెట్టుకుని చూశాడు.

"జీపు రంగే గదప్పా ఇది."

"కాదు పెద్దాయనా. ప్రైమరు. అప్పుడూ అదే చెప్పినాము."

ఆయన మళ్ళీ రుద్దాడు. ఇటుకరంగు కూడా పోయి, రూపాయి బిళ్ళంత మేర కొయ్య బయటపడింది. దొరల కాలం నాటి కొయ్య, మా అత్తగారు పాడుకున్న కొయ్య, ఏ పార్టీ రంగూ లేనిది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాము. వీధిలో ఒక తెల్ల కారు పోయింది. ఎవరిదని నేను అడగలేదు, ఆయనా తల ఎత్తలేదు. మా మనవరాలు సెలవలకు వచ్చి ఒక ముసలివాణ్ణి అడిగినంత తేలిగ్గా, ఆనాడు ట్రాక్టరు దిగినవాళ్ళలో ఒక్కడు మా గడప దగ్గరికి వచ్చి ఆ మాట అడిగి ఉంటే మా బతుకు మా వీధిలోనే గడిచేది. ఇప్పుడు అడిగే పిల్లలున్నారు, చెప్పాల్సిన మనిషి లేదు. ఇంత దూరం వచ్చాను గనుక నేను అడగవలసింది అడిగేశాను. మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే మీకేం పోయేది పెద్దాయనా అన్నాను.

ఆయన బొడిపెను పంచె అంచుతో తుడిచి, నా చేతికి తిరిగి ఇవ్వకుండా తన చేతిలోనే ఉంచుకుని జవాబు చెప్పాడు:

"నీ మంచం ఏ రంగో నీకు ఇంతకాలం గుర్తుండాది గదప్పా, అదే శానా గొప్ప. ఆ కాలాన ఎవురొచ్చి నరుకుతారోనని నేను ఒక చోట వరసగా రెండు రాత్రులు పండుకోల్యా. యాడ పండుకుంటానో మా ఇంట్లోదానిక్కూడా చెప్పల్యా. నా మంచానికి ఏ రంగుండెనో నాకే తెల్దు. మిమ్మల్ని అడిగుండల్ల, అడగల్యా. ఇప్పుడు అడుగుతాండా, చెప్పు. ఆయమ్మకు ఏ రంగు గావాలని ఉండె?"